ప్రాసెసర్ 0.39 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతే ముందు చార్జర్‌ను అనుమానించండి

మహారాష్ట్రలోని సిరోంచలో ఆన్‌లైన్ సెంటర్ నడిపే ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. ల్యాప్‌టాప్‌లో ఎనిమిదో తరం ఐ5-8250యూ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. కొన్ని రోజులుగా సాత్‌బారా (భూమి రికార్డు కాగితం) ప్రింటు తీయాలన్నా పేజీ తెరుచుకునేసరికి కస్టమరు లేచి వెళ్లిపోతున్నాడట. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ వాడకం 100 శాతం, స్పీడు మాత్రం 0.39 గిగాహెర్ట్జ్. ల్యాప్‌టాప్ ఒళ్లు కూడా పెద్దగా వేడెక్కట్లేదు. ఫార్మాట్ చేయించినా మారలేదు. షాపతను మదర్‌బోర్డు మార్చాలన్నాడు. మధ్యలో ఆయనే ఇంకో మాట రాశారు: "పాత చార్జర్ వైరు తెగితే బజార్లో వేరేది తీసుకున్నా, దాంతో ల్యాప్‌టాప్ నడుస్తోంది గానీ బ్యాటరీ ఎక్కట్లేదు, అది వేరే సమస్య లెండి." చివర్లో సెంటర్లో ఉన్న పాత డెస్క్‌టాప్ గురించి కూడా అడిగారు: డబ్బా మీద 2.93 అని ఉంది, లోపల 1.6 చూపిస్తోంది, దానిదీ ఇదే జబ్బా అని.

మీరు "వేరే సమస్య" అని పక్కన పెట్టిన చార్జరే అసలు దొంగ. మీ మదర్‌బోర్డు బాగానే ఉండి ఉంటుంది. ల్యాప్‌టాప్ మీ కొత్త చార్జర్‌ను గుర్తుపట్టట్లేదు. గుర్తుపట్టని చార్జర్ మీద నడిచేటప్పుడు అది కావాలనే ప్రాసెసర్‌ను అట్టడుగు వేగానికి తొక్కేస్తుంది, బ్యాటరీని ఎక్కనివ్వదు. మీరు చెప్పిన రెండు లక్షణాలూ ఒకే చోట నుంచి వస్తున్నాయి.

ఇది ఇప్పుడే తేల్చుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు. బ్యాటరీలో కొంచెమైనా చార్జి ఉంటే ల్యాప్‌టాప్ ఆన్ చేసి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పర్ఫార్మెన్స్‌లో సీపీయూ దగ్గర స్పీడు చూస్తూ చార్జర్ పిన్ను లాగేయండి. కొన్ని సెకన్లలో 0.39 కాస్తా 2, 3 గిగాహెర్ట్జ్‌కు ఎగబాకితే దొంగ దొరికినట్టే. బ్యాటరీ పూర్తిగా అయిపోయి ఉంటే ఇంకో దారి ఉంది. అదే కంపెనీ, అదే పిన్ను, అన్నే వాట్ల అసలు చార్జర్ మీ ఊళ్లో ఎవరి దగ్గరైనా ఉంటుంది. బడిలోనో, బ్యాంకులోనో, తహసీల్ ఆఫీసులోనో అడిగి ఓ పది నిమిషాలు పెట్టి చూడండి.

నేను బల్లార్షాలో రిపేరు పని చేస్తాను. చంద్రపూర్, రాజురా, అహేరి వైపు నుంచీ, అటు కాగజ్‌నగర్ నుంచీ మిషన్లు వస్తుంటాయి. "స్లో అయిపోయింది" అని వచ్చేవాటిలో చాలామటుకు విండోసో, పాత హార్డ్‌డిస్కో కారణం. కానీ స్పీడు అంకె ఒకే చోట మేకు కొట్టినట్టు ఆగిపోయిందంటే కథ వేరు.

ఆ 0.39 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. మీ ప్రాసెసర్‌కు మూల గడియారం సుమారు 100 మెగాహెర్ట్జ్. దాన్ని ఒక గుణకంతో హెచ్చిస్తే స్పీడు వస్తుంది. గుణకం 16 అయితే 1.6 గిగాహెర్ట్జ్, 34 అయితే 3.4. మీ 8250యూకు రాసి ఉన్న బేస్ (మామూలు) స్పీడు, టర్బో (కొంతసేపు ఎక్కే గరిష్ఠ) స్పీడు అవే. ఇది దిగగలిగిన కనిష్ఠ గుణకం 4. నాలుగు వందల మెగాహెర్ట్జ్ అన్నమాట. మూల గడియారం 100కు వెంట్రుకవాసి తక్కువ తిరుగుతుంది కాబట్టి తెర మీద 0.39 అని పడుతుంది. ఇంకాస్త పాత తరాల్లో కనిష్ఠ గుణకం 8, అందుకే వాటిలో ఇదే జబ్బు 0.79గా కనిపిస్తుంది. పని నెత్తి మీద ఉండగా ఈ రెండు అంకెల్లో ఏదైనా కదలకుండా కనిపిస్తే, ప్రాసెసర్‌కు ఎవరో "అడుగుకు దిగు" అని ఆజ్ఞ ఇచ్చారని అర్థం. చెడిపోయిన ప్రాసెసర్ ఇంత క్రమశిక్షణగా 0.39 దగ్గర నిలబడదు. చెడితే మిషన్ ఆన్ కాదు, లేదంటే నీలి తెర వచ్చి ఆగిపోతుంది.

ఆ ఆజ్ఞ ఇచ్చేది మదర్‌బోర్డు మీదున్న ఒక చిన్న కంట్రోలర్. కీబోర్డు, ఫ్యాను, బ్యాటరీ, చార్జర్ ఇవన్నీ చూసుకునేది అదే. ప్రాసెసర్‌కు ప్రోక్‌హాట్ అని ఒక సిగ్నల్ వైరు ఉంటుంది. ప్రాసెసర్ తానే బాగా వేడెక్కినప్పుడు దాని మీద కేక వేస్తుంది. ఇంటెల్ వాళ్లు దాన్ని రెండు వైపులా పనిచేసేలా పెట్టారు, అందుకే దాన్ని బీడీ ప్రోక్‌హాట్ అంటారు. అంటే బయట నుంచి బోర్డు కూడా అదే వైరు లాగి "ఆగు" అనొచ్చు. కరెంటు ఇచ్చే సర్క్యూటు వేడెక్కినా, బ్యాటరీ తేడాగా ఉన్నా, చార్జర్ ఎన్ని వాట్లదో తెలియకపోయినా బోర్డు ఆ వైరు లాగుతుంది. మీ ల్యాప్‌టాప్ ఒళ్లు వేడెక్కట్లేదన్నారు చూడండి, అందుకే. ఇక్కడ వేడి లేదు, వేడి ఉందన్న కేక మాత్రమే ఉంది.

చార్జర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కు ఎలా తెలుస్తుంది? గుండ్రటి పిన్ను మధ్యలో సూది లాంటి సన్నటి పిన్ను ఉండే చార్జర్లు చూసే ఉంటారు. ఆ సూది కరెంటు కోసం కాదు, కబురు కోసం. అసలు చార్జర్ లోపల ఒక చిన్న చిప్పో, అలాంటి ఏర్పాటో ఉండి "నేను 65 వాట్లు" అని ఆ సూది ద్వారా చెబుతుంది. బజార్లో దొరికే చవక చార్జర్లలో కొన్నింటికి సూది ఉంటుంది, లోపల ఆ ఏర్పాటు ఉండదు. 19 వోల్టులు వస్తాయి, లైటు వెలుగుతుంది, ల్యాప్‌టాప్ ఆన్ అవుతుంది, షాపతను "చూడు, పని చేస్తోంది" అంటాడు. కబురు మాత్రం రాదు. ఎదుటి చార్జర్ 30 వాట్లదో 65 వాట్లదో తెలియక ల్యాప్‌టాప్ భయపడి అన్నిటికంటే తక్కువ కరెంటుతో బతకడానికి చూస్తుంది.

చార్జర్ అసలుదే అయినా ఇదే జబ్బు రావచ్చు. ఆ కబురు వైరు పవర్ వైరు కంటే చాలా సన్నం. పిన్ను దగ్గర కేబుల్ రోజూ వంగే చోట అదే ముందు తెగుతుంది. టాస్క్ మేనేజర్ చూస్తూ పిన్ను దగ్గర కేబుల్ను మెల్లగా అటూ ఇటూ కదిలించండి. స్పీడు ఒక్కసారి పైకి లేచి మళ్లీ పడిపోతే అక్కడే తెగింది. కొన్నిసార్లు సూది వంగిపోయి ఉంటుంది, కొన్నిసార్లు ల్యాప్‌టాప్ వైపు జాక్ లూజై ఉంటుంది. చాలా మోడళ్లలో ఆ జాక్ మదర్‌బోర్డు నుంచి వేరుగా చిన్న వైరుతో వస్తుంది. మార్చడం పెద్ద పనేం కాదు, ఖర్చు వందల్లోనే.

ఇంకో రుజువు కావాలంటే ఆన్ చేసేటప్పుడు బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి వెళ్లండి. కొన్నింటికి ఎఫ్2, కొన్నింటికి ఎఫ్10. బ్యాటరీ లేదా పవర్ పేజీలో చార్జర్ వివరం ఉండే మోడళ్లలో "65 వాట్లు" అని పడాలి. "అన్‌నోన్" అని పడితే ఇంక వాదన లేదు. ఆన్ చేయగానే నల్ల తెర మీద ఇంగ్లిషులో చార్జర్ రకం తెలియట్లేదని ఒక హెచ్చరిక వచ్చి, ఏదో కీ నొక్కితే పోతుండవచ్చు. మీకు వస్తోందా? రోజూ ఎంటర్ కొట్టి దాటేసేవాళ్లే ఎక్కువ. అహేరి నుంచి ఒక మాస్టారు తెచ్చిన మిషన్‌లో ఆ హెచ్చరికలోనే జబ్బు పేరు, మందు పేరు రెండూ ఉన్నాయి. ఆయన దాన్ని స్వాగతం పలకరింపు అనుకున్నారు.

టైప్-సీ తో చార్జయ్యే కొత్త ల్యాప్‌టాప్‌లలో సూది లేదు, కబురు మాత్రం ఉంది. చార్జరూ ల్యాప్‌టాపూ ముందు మాట్లాడుకుని ఎన్ని వోల్టులు, ఎంత కరెంటు అని ఒప్పందానికి వస్తాయి. ఫోను చార్జర్ పెడితే ఒప్పందం చిన్నగా కుదురుతుంది, స్పీడు తగ్గుతుంది. "ఇదీ టైప్-సీయే కదా అన్నా" అని కుర్రాళ్లు వస్తారు. రంధ్రం ఒకటే, వాట్లు ఒకటి కాదు.

ఇక త్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రాం గురించి. మీరు వెతికితే ప్రతి వీడియోలో "త్రాటిల్‌స్టాప్ పెట్టి బీడీ ప్రోక్‌హాట్ టిక్కు తీసేయండి, అయిపోయింది" అని చెబుతారు. అది పనిచేస్తుంది, అబద్ధం కాదు. ఆ టిక్కు తీస్తే బోర్డు వేసే కేకను ప్రాసెసర్ వినడం మానేస్తుంది, స్పీడు క్షణంలో 3 దాటుతుంది. ప్రాసెసర్ సొంత రక్షణ దాంతో పోదు. 100 డిగ్రీలు చేరితే అది తనంతట తాను తగ్గుతుంది, ఇంకా హద్దు మీరితే మిషన్‌నే ఆపేస్తుంది. పోయేది మిగతావాటి రక్షణ. చార్జర్ నిజంగానే తక్కువ వాట్లదైతే దాని నెత్తిన మోయలేని బరువు పడుతుంది. చవక చార్జర్ ఎండాకాలం పూట పరుపు మీద కాలిపోయే స్థాయికి వేడెక్కడం నేను చేత్తో తాకి చూశాను. పైగా బ్యాటరీ ఎక్కని జబ్బు అలాగే ఉండిపోతుంది. రీస్టార్ట్ చేస్తే టిక్కు మళ్లీ వస్తుంది కాబట్టి ప్రతిసారీ ఆ ప్రోగ్రాం నడపాలి.

కాబట్టి నా పద్ధతి ఇది. రోగం కనిపెట్టడానికి దాన్ని వాడతాను, మందుగా వాడను. అందులో లిమిట్స్ అనే బటన్ నొక్కితే చిన్న కిటికీ తెరుచుకుంటుంది. ప్రాసెసర్‌ను ఏది ఆపుతోందో అక్కడ పేరుతో సహా కనిపిస్తుంది. ఎరుపు ఉంటే ఇప్పుడు ఆపుతోంది, పసుపు ఉంటే ఇంతకుముందు ఆపింది. బీడీ ప్రోక్‌హాట్ ఎర్రగా ఉంటే బయటి ఆజ్ఞ. థర్మల్ ఎర్రగా ఉంటే వేడి. పీఎల్1, పీఎల్2 అంటే పవర్ హద్దులు. మీకు రేపే దరఖాస్తుల ఆఖరు తేదీ ఉండి, అసలు చార్జర్ రావడానికి వారం పడుతుందంటే ఆ వారం టిక్కు తీసి నడుపుకోండి, తప్పనను. మధ్య మధ్యలో చార్జర్ మీద చెయ్యి వేసి చూడండి. రాత్రి పెట్టి పడుకోకండి. ఒక్క సంగతి, త్రాటిల్‌స్టాప్ ఇంటెల్ ప్రాసెసర్లకే. ఏఎండీ రైజెన్ ఉన్నవాళ్లు ఇది చదివి దాన్ని దించుకోవద్దు, ఉపయోగం లేదు. వాళ్లు హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాంలో సెన్సర్లు చూసుకోవచ్చు.

చార్జర్ తీసినా 0.39 దగ్గరే ఉంటే? అప్పుడు వరసగా ఇలా వెళ్లండి.

మొదట కంట్రోలర్‌ను నిద్ర లేపండి. షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, బయటికి వచ్చే బ్యాటరీ అయితే అదీ తీసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకోండి. ఉరుములు, కరెంటు కోతలు అయ్యాక ఈ కంట్రోలర్ తప్పుడు స్థితిలో ఇరుక్కున్న మిషన్లు మాకు వానాకాలం మొదట్లో వస్తాయి. కొన్ని దీంతోనే లేచి కూర్చుంటాయి. లోపలి బ్యాటరీ అయితే వెనక మూత తెరిచి దాని కనెక్టరు ఊడదీయాలి, తెలిసినవాళ్లతో చేయించండి. మూత తెరిచినప్పుడు బ్యాటరీ ఉబ్బిందేమో చూడమనండి. ఉబ్బిన బ్యాటరీని సూదితో పొడిచి గాలి తీసే మహానుభావులు ఉన్నారు. దగ్గరికి రానివ్వకండి, మంటలు లేస్తాయి.

తర్వాత విండోస్ పవర్ సెట్టింగు. కంట్రోల్ ప్యానెల్లో పవర్ ఆప్షన్స్, అందులో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ దగ్గర మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ అని ఉంటుంది. అది 100 ఉండాలి. వేడి తగ్గుతుందని ఎవరో చెబితే దాన్ని 99 చేసేవాళ్లు ఉన్నారు. 99 పెడితే టర్బో ఆగిపోయి ప్రాసెసర్ బేస్ స్పీడు దాటదు. తెలిసి చేస్తే అది మంచి ఉపాయమే, మే నెలలో నేనూ కొందరికి పెట్టి ఇస్తాను. కానీ ఒకసారి గడ్చిరోలి నుంచి వచ్చిన మిషన్‌లో అది 5 ఉంది. మినిమమ్ దగ్గర పెట్టాల్సిన అంకె మాగ్జిమమ్ దగ్గర పెట్టేశారు. మీరు ఫార్మాట్ చేయించారు కాబట్టి మీకు ఇది కారణం అయ్యే అవకాశం లేదు, ఇదే జబ్బుతో ఇది చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నాను.

బయోస్‌లో టర్బో ఆపేసి ఉంటే 1.6 దగ్గర ఆగుతుంది, 0.39 దగ్గర కాదు. కాబట్టి దాని జోలికి మీరు వెళ్లక్కర్లేదు.

ఇవేవీ కాకపోతేనే బోర్డు మీద అనుమానం. అప్పుడు కూడా బోర్డు మొత్తం మార్చడం ఆఖరి మాట. వేడి కొలిచే ఒక చిన్న సెన్సరో, చార్జింగు సర్క్యూటులో ఒక భాగమో పోయి ఉంటుంది. చిప్ లెవెల్ పని తెలిసినవాళ్లు నాగపూర్‌లో సీతాబర్డీ వైపు, ఇటు సికింద్రాబాద్‌లో పార్క్‌లేన్ వైపు దొరుకుతారు. సిరోంచ నుంచి మీకు ఏది దగ్గరో మీరే చూసుకోండి, వంతెన దాటితే కాళేశ్వరం మీదుగా తెలంగాణ వైపే సులువనుకుంటా.

మీ ప్రశ్న చార్జర్‌దే అయినా, మన జిల్లాల్లో స్పీడు పడిపోవడానికి పెద్ద కారణం వేడి. అందుకని దాని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. వేడి వల్ల పడే స్పీడు 0.39 దగ్గర మేకు కొట్టినట్టు ఉండదు. ఊగుతుంది. 3.1 ఉంటుంది, 1.9కి పడుతుంది, మళ్లీ 2.4 అవుతుంది, ఫ్యాను గోల పెడుతుంటుంది. ఈ ఊగిసలాట కనిపిస్తే చార్జర్ల వెంట పడకండి.

వేడి లెక్క చాలామంది పట్టించుకోరు. ల్యాప్‌టాప్ ఫ్యాను గది గాలినే లోపలికి లాగి ప్రాసెసర్‌ను చల్లబరుస్తుంది, చల్లగాలిని తయారు చేయదు. గది 25 డిగ్రీలున్నప్పుడు ఏదైనా పని మీద ప్రాసెసర్ 78 దగ్గర ఉందనుకోండి, గాలికీ దానికీ తేడా 53. అదే పని, అదే ఫ్యాను, గది 46 అయితే దాదాపు అదే తేడా పైకి చేరుతుంది. 46కు 53 కలిపితే 99. మీ 8250యూ హద్దు 100. అంటే డిసెంబరులో ఏ లోపమూ లేని మిషన్, ఏమీ చెడకుండానే, మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో అంచు మీదికి వచ్చేస్తుంది. చంద్రపూర్ వైపు మేలో 46, 47 మామూలు సంగతి. తునికాకు సీజన్లో కల్లాల దగ్గర లెక్కలు రాసే మునీములు ల్యాప్‌టాప్‌లు తెస్తారు, "పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నం సచ్చిపోతుంది" అంటూ. పొద్దునా మధ్యాహ్నం మధ్య మారింది గాలి ఒక్కటే.

దీనికి తోడు దుమ్ము. బొగ్గు గనుల ఊళ్లలో, థర్మల్ స్టేషన్ చుట్టుపక్కల, ఘుగ్గుస్ వైపు నుంచి వచ్చే మిషన్ల మూత తీస్తే ఫ్యానుకూ ఆ పక్క రాగి రేకులకూ మధ్య నల్లటి నమ్దా (మందపాటి ఉన్ని గుడ్డ) పరిచినట్టు ఉంటుంది. పైన ఫ్యాను శుభ్రంగా తిరుగుతుంటుంది, గాలి మాత్రం బయటికి పోదు. బయట నుంచి బ్లోయర్ కొడితే ఆ నమ్దా కొంచెం లోపలికి జరుగుతుంది అంతే. ఫ్యాను విప్పి ఆ పొరను చేత్తో తీయాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను పుల్లతో ఆపి పట్టుకోవాలి, లేదంటే అది తన శక్తికి మించి తిరిగి బేరింగు పోతుంది. పనిలో పనిగా థర్మల్ పేస్టు మార్చాలి. కొన్నేళ్లు గడిస్తే అది ఎండిన సున్నంలా పొడి రాలుతుంది. పేస్టు ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లబడుతుందనుకోవద్దు. ప్రాసెసర్‌కూ దాని మీది లోహానికీ మధ్య కంటికి కనిపించని సందులు పూడ్చడానికే అది.

విదర్భ ఇళ్లలో ఉండే నీళ్ల కూలర్ గురించి కూడా ఒక మాట. ల్యాప్‌టాప్‌ను కూలర్ ఎదురుగా పెట్టుకుని పని చేస్తారు, చల్లగా ఉంటుందని. గది చల్లబడితే మంచిదే. సూటిగా ఎదురు పెడితే మాత్రం ఆ తేమ గాలి లోపలికి వెళ్లి బొగ్గు దుమ్ముతో కలిసి ముద్ద కడుతుంది. ఎండిన ముద్ద రేకుల మధ్య నుంచి ఊడదు. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, తుంపర్లు పడితే బోర్డు మీద ఆకుపచ్చ తుప్పు కూడా చూశాను. పక్కకు పెట్టుకోండి, గాలి నేరుగా తగలకుండా.

వేడి లేకపోయినా స్పీడు తగ్గడం ఇంకొకటుంది, అది జబ్బు కాదు. మీ 8250యూ 15 వాట్ల ప్రాసెసర్. 3.4 గిగాహెర్ట్జ్‌కు ఎక్కినప్పుడు అది 15 వాట్ల కంటే చాలా ఎక్కువ తాగుతుంది. అలా కొంతసేపే తాగనిస్తారు. కంపెనీని బట్టి మారుతుంది, చాలావాటిలో అర నిమిషం లోపే. ఆ తర్వాత 15 వాట్లలో ఎంత స్పీడు వస్తే అంతకు దిగుతుంది. బరువైన పని మీద 3.4 నుంచి 2.4 ప్రాంతానికి దిగి అక్కడ స్థిరపడితే మిషన్ బాగున్నట్టే. "3.4 అని రాసిచ్చారు, రావట్లేదు" అని వారంటీ వాళ్లతో గొడవ పడేవాళ్లను చూశాను. గెలవరు.

షాపుల్లో మీకు వినిపించే కారణాలు కొన్ని కొట్టేస్తాను. వైరస్ ఉంటే సీపీయూ వాడకం పెరుగుతుంది, స్పీడు 0.39 అవ్వదు. ర్యామ్ పెంచితే ప్రాసెసర్ స్పీడు మారదు. ఇంట్లో వోల్టేజ్ తక్కువ వల్ల అంటారు, ల్యాప్‌టాప్ చార్జర్ వెనక చదవండి, 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుందని రాసి ఉంటుంది. మన దగ్గర సాయంత్రం 170కి పడిపోయినా చార్జర్‌కు లెక్కలేదు. స్టెబిలైజరు అమ్మజూపితే వద్దనండి.

చార్జర్ కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. వోల్టులు పాత దానితో సమానంగా ఉండాలి. వాట్లు సమానం లేదా ఎక్కువ ఉండాలి, ఎక్కువుంటే నష్టం లేదు, ల్యాప్‌టాప్ కావలసినంతే తీసుకుంటుంది. షాపులోనే పెట్టించి, బయోస్‌లో వాట్లు పడుతున్నాయో లేదో, బ్యాటరీ ఎక్కుతోందో లేదో చూసి డబ్బులివ్వండి. అందుకని ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లండి. ఫోనులో ఫోటో చూపించి కొనుక్కురావడం వల్లనే సగం మందికి ఇది జరుగుతుంది. మీకు ఇప్పటికే అమ్మిన షాపతను మంచివాడైతే ఇదే రుజువు చూపించి మార్చమని అడగండి.

మీ డెస్క్‌టాప్ సంగతి. 2.93 అని రాసి ఉందంటే, చూపించేది 1.6 అంటే, అందులోది కోర్ 2 డుయో ఈ7500 ప్రాసెసర్ అయి ఉంటుంది. దానికి ఏ జబ్బూ లేదు. దాని మూల గడియారం 266 మెగాహెర్ట్జ్. పని ఉన్నప్పుడు గుణకం 11 పెట్టుకుంటుంది, 2.93 వస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు ఆదా కోసం 6కు దిగుతుంది, 1.6 వస్తుంది. మీరు చూసింది అది కూర్చుని ఉన్నప్పుడు. సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాం ఒకటి వేసుకుని, బెంచ్ పేజీలో స్ట్రెస్ నొక్కి, మొదటి పేజీలో స్పీడు చూడండి. 2.93కు ఎక్కాలి. ల్యాప్‌టాప్ అయినా డెస్క్‌టాప్ అయినా, పని లేనప్పుడు చూసిన స్పీడును బట్టి ఏదీ నిర్ణయించకండి.

స్ట్రెస్ పెట్టినా ఎక్కకపోతే డబ్బా తెరిచి ప్రాసెసర్ మీది ఫ్యానును మెల్లగా కదిపి చూడండి. ఆ కాలపు ఇంటెల్ కూలర్‌ను బోర్డుకు పట్టి ఉంచేవి నాలుగు ప్లాస్టిక్ మేకులు. ఒకటి ఊడితే కూలర్ ఒక పక్కకు లేస్తుంది, ప్రాసెసర్ వేడెక్కి తగ్గుతుంది. ఆ మేకును నొక్కితే టిక్కుమని శబ్దం రావాలి.

గంట, తేదీ రోజూ వెనక్కి పోతుంటే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మార్చండి, కిరాణా షాపులో కూడా దొరుకుతుంది. పాత రోజుల్లో ఆ బిళ్ల అయిపోతే స్పీడు కూడా పోయేది. అథ్లాన్ ఎక్స్‌పీ 2500 ప్లస్ అని ఒక ప్రాసెసర్ వచ్చేది. అసలు స్పీడు 1.83 గిగాహెర్ట్జ్, మూల గడియారం 166కు 11 రెట్లు. బిళ్ల పోయి బయోస్ మొదటికి వస్తే కొన్ని బోర్డులు గడియారాన్ని 100 దగ్గర పెట్టేసేవి, 1100 మెగాహెర్ట్జ్ అని చూపించేది. మీ ఈ7500కు ఆ బాధ లేదు. బిళ్ల అయిపోతే తేదీ తప్పుతుంది, తేదీ తప్పితే సర్కారు వెబ్‌సైట్లు సర్టిఫికెట్ తప్పని తెరుచుకోవు. మీ సెంటర్‌కు అసలు నష్టం అదే, ముందు దాన్ని మార్చండి.